ఎప్పుడు ఆగాలి?

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు రేసు కార్ల దగ్గర పనిచేశావు కదరా, పిల్లలకి ఆ సంగతులేవో చెప్పు. అరగంట దాటావంటే మైకు లాక్కుంటాను" అన్నాడు. నేను రేసు కారు నడిపేవాణ్ణని చాలామంది అనుకుంటున్నట్టు ఇక్కడికొచ్చాకే తెలిసింది. పొద్దున టిఫిన్ల దగ్గర ఒక తమ్ముడు "అన్నా, గంటకి మూడొందలు పోయావా?" అని అడిగాడు. లేదు తమ్ముడూ. నేను స్కూటరు కూడా మెల్లగానే నడుపుతాను. నా పని టైర్లు చూడటం. కారు నుంచి ఊడదీసిన టైరుని కొలిచి, అలాంటిదే ఇంకొకటి ఎంతదూరం వస్తుందో చెప్పడం.

మా నాన్న మన ఊరి ఆర్టీసీ డిపోలో టైరు సెక్షన్‌లో పనిచేశారని నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఏ టైరు ఏ బస్సుకి ఎక్కింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎప్పుడు రీట్రెడింగ్‌కి పోయింది, అన్నీ ఆయన రిజిస్టరులో ఉండేవి. ముందు చక్రాలకి కొత్త టైర్లు, రీట్రెడ్ చేసినవి వెనక్కి. రాత్రి డిపోకి చేరిన బస్సుల చుట్టూ టార్చిలైటు పట్టుకుని తిరిగేవారు. అనుమానం వచ్చిన టైరు మీద చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెట్టేవారు. ఆ గుర్తుంటే టైరు మారేదాకా బస్సు గేటు దాటకూడదు. పెళ్ళిళ్ళ సీజన్లో కండక్టర్లు, డ్రైవర్లు, ఒక్కోసారి మేనేజరు గారు కూడా వచ్చి "ఈ ఒక్క ట్రిప్పుకి పోనియ్యవయ్యా" అని బతిమాలేవారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. దానివల్ల ఆయనకి మంచిపేరేమీ రాలేదు. మొండివాడన్న పేరు వచ్చింది.

తర్వాత నేను వరంగల్లో ఇంజనీరింగ్ చదివి, చెన్నై వైపు ఒక టైర్ల కంపెనీలో చేరి, అక్కణ్ణించి రేసు టైర్లలోకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో నేర్చుకున్నదాన్ని మూడు ముక్కల్లో చెబుతాను: టైరు, లెక్క, మనిషి.

ముందు టైరు. రేసు టైరు నున్నగా ఉంటుంది, గాడులు ఉండవు. దాన్ని స్లిక్ అంటారు. వాన పడితేనే గాడులున్న టైర్లు వేస్తారు. ఫార్ములా వన్‌కి 2011 నుంచి పిరెల్లి ఒక్కటే టైర్లు సరఫరా చేస్తోంది. టీవీలో చూసేవాళ్ళు గమనించండి: టైరు పక్కన ఎర్ర రంగు ఉంటే మెత్తనిది, పసుపు మధ్యరకం, తెలుపు గట్టిది. మెత్తని టైరు రోడ్డుని బాగా పట్టుకుంటుంది, వేగం ఇస్తుంది, తొందరగా అరుగుతుంది. గట్టిది వేగం తక్కువ, ఆయుష్షు ఎక్కువ. పొడి వాతావరణంలో జరిగే రేసులో కనీసం రెండు రకాలు వాడి తీరాలి. కాబట్టి ఒక్కసారైనా ఆగక తప్పదు.

రేసు టైరుకి వేడి కావాలి. చల్లగా ఉంటే జారుతుంది. అందుకే కారుకి ఎక్కించే ముందు కరెంటు దుప్పట్లు కప్పి ఉంచుతారు. వేడి మితిమీరితే లోపలి రబ్బరు ఉడికి పైన బొబ్బలు లేస్తాయి. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కి చక్రం తిరగకుండా బిగుసుకుపోతే, రోడ్డుకి రాసుకున్న చోట టైరు చదునుగా అరిగిపోతుంది. ఆ తర్వాత తిరిగిన ప్రతి చుట్టుకీ ఆ చదును నేలకి కొట్టుకుంటూ కారంతా దడదడలాడుతుంది. మంచి డ్రైవరు ప్రతి మలుపులోనూ టైరుని పిండెయ్యడు. ఎక్కడ వాడాలో అక్కడ వాడి, మిగతాచోట దాచుకుంటాడు. చిట్ఫండు కట్టే ఇల్లాలి దగ్గరుండే పొదుపే అది.

ఇక లెక్క. పిల్లలూ, దీనికి ఏడో తరగతి గణితం చాలు. టైర్లు మార్చడానికి కారు పక్క దారిలోకి రావాలి. దాన్ని పిట్ లేన్ అంటారు. అక్కడ వేగం సాధారణంగా గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. కారు నిలబడేది రెండు మూడు సెకన్లే అయినా, లోపలికి రావడం, మెల్లగా పోవడం, మళ్ళీ వేగం అందుకోవడం అన్నీ కలిపితే చాలా ట్రాకుల్లో దాదాపు 20 సెకన్లు పోతాయి. ఉదాహరణకి 22 సెకన్లు అనుకుందాం. పాత టైర్లతో ఒక్కో ల్యాపుకి సెకనున్నర ఆలస్యమవుతోంది. ఇంకా 20 ల్యాపులున్నాయి. ఆగకపోతే పోయేది 30 సెకన్లు. ఆగితే పోయేది 22. కాబట్టి ఆగాలి. మిగిలినవి 10 ల్యాపులే అయితే పోయేది 15 సెకన్లే. అప్పుడు ఆగకూడదు. లెక్క ఇంతే. కానీ ఆ "సెకనున్నర" రేపు రెండవుతుందో మూడవుతుందో, మధ్యలో వాన పడుతుందో, ప్రమాదం జరిగి సేఫ్టీ కారు వస్తుందో ఎవరూ ముందు చెప్పలేరు. జట్టు తెలివి చూపించాల్సింది ఆ తెలియని చోటే.

ఎదుటివాడి వెనకే పోతూ దాటలేకపోతున్నామనుకోండి. వాడికంటే ఒక ల్యాపు ముందు ఆగి కొత్త టైర్లు వేసుకుంటాం. వాడు పాత టైర్లతో ఇంకో ల్యాపు తిరిగి ఆగి బయటికొచ్చేసరికి మనం ముందు ఉంటాం. దీన్ని అండర్‌కట్ అంటారు. రోడ్డు మీద దాటలేనివాణ్ణి ఆగి దాటడమన్నమాట.

ఇది ఈనాటి తెలివి కాదు. 1957లో జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ ట్రాకులో హువాన్ మాన్యుయెల్ ఫాంజియో అనే అర్జెంటీనా డ్రైవరు సగం పెట్రోలుతో, మెత్తని టైర్లతో బయల్దేరాడు. కారు తేలిక, పట్టు ఎక్కువ. మధ్యలో ఒకసారి ఆగుదామని పథకం. ఆయన ప్రత్యర్థులైన ఫెరారీలు ఆగకుండా పోదామనుకున్నాయి. ఫాంజియో దాదాపు అర నిమిషం ఆధిక్యం సంపాదించి ఆగాడు. ఆ రోజుల్లో మెకానిక్కులకి ఈ వేగం లేదు. నిమిషం దాకా పట్టింది. బయటికొచ్చేసరికి ఫెరారీల కంటే ముప్పావు నిమిషం పైగా వెనకబడ్డాడు. అక్కణ్ణించి ల్యాపు మీద ల్యాపు రికార్డు బద్దలు కొడుతూ, చివరి ల్యాపుకి ముందు ల్యాపులో ఇద్దరినీ దాటేశాడు. అప్పటికి ఆయన వయసు 46. అది ఆయన చివరి విజయం, అయిదో ప్రపంచ టైటిల్.

1998లో హంగరీలో ఇంకో విడ్డూరం జరిగింది. అక్కడ ట్రాకు ఇరుకు, దాటడం కష్టం. రెండు మెక్‌లారెన్ కార్ల వెనక మైకేల్ షూమాకర్ ఇరుక్కున్నాడు. ఫెరారీ జట్టులో రాస్ బ్రాన్ అనే ఇంజనీరు రేసు మధ్యలో పథకం మార్చి, రెండుసార్లు కాదు, మూడుసార్లు ఆగుదామన్నాడు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ ఆగిన ప్రతిసారీ కొత్త టైర్లు, తక్కువ పెట్రోలు. 19 ల్యాపుల్లో 25 సెకన్లు సంపాదించాలన్నాడు. షూమాకర్ సంపాదించాడు. గెలిచాడు.

మన దేశంలోనూ జరిగింది. 2013 అక్టోబరు 27న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్‌లో. ఆ రోజు నేను స్టాండ్లలో ఉన్నాను. మెత్తని టైర్లు ఎక్కువసేపు నిలబడవని జట్లన్నిటికీ తెలుసు. సెబాస్టియన్ వెటెల్ అందరికంటే ముందు బయల్దేరి, రెండో ల్యాపు ముగియగానే పిట్‌లోకి వచ్చేశాడు. కారు పాడైందేమోనని నా పక్కాయన నెత్తి కొట్టుకున్నాడు. వెటెల్ 17వ స్థానంలో బయటికొచ్చాడు. 60 ల్యాపుల రేసులో చివరికి అతనే గెలిచి, నాలుగో ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. అదే రోజు రొమాన్ గ్రోజాన్ 17వ స్థానంలో మొదలుపెట్టి, ఒక్కసారే ఆగి, మూడోవాడుగా ముగించాడు. ఒకడు మొదట్లోనే ఆగి గెలిచాడు, ఇంకొకడు తక్కువసార్లు ఆగి పైకొచ్చాడు. ఇద్దరూ చేసింది ఒకటే. తమ టైరు సంగతి తెలుసుకుని నడిచారు.

ఇక మనిషి. ఫార్ములా వన్‌లో ఒక్కో చక్రం దగ్గర ముగ్గురుంటారు. ఒకరు నట్టు విప్పి బిగిస్తారు, ఒకరు పాత చక్రం లాగేస్తారు, ఒకరు కొత్తది పెడతారు. అక్కడికే పన్నెండు మంది. ముందూ వెనకా జాకీలు, కారు కదలకుండా పట్టుకునేవాళ్ళు, అందరూ కలిసి ఇరవై మంది దాకా. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు నాలుగు చక్రాలూ 1.80 సెకన్లలో మార్చింది. నేను "నమస్కారం" అనేలోపు అయిపోయింది.

మనం చప్పట్లు కొట్టేది ఆ వేగానికే. కానీ ఆ ఇరవై మందిలో ప్రతి ఒక్కరికీ చెయ్యెత్తి "నాది కాలేదు" అనే హక్కుంది. అది లేకపోతే ఆ వేగం మనుషుల్ని మింగుతుంది. 2018లో బహ్రెయిన్‌లో ఒక చక్రం ఇంకా ఊడదియ్యకముందే పచ్చలైటు వెలిగింది. కారు కదిలింది. ఎదురుగా ఉన్న మెకానిక్కు కాలు విరిగింది. డ్రైవరు చూసేది లైటునే. పని కాలేదన్న సంగతి ఆ లైటుదాకా చేరలేదు.

మన బ్యాచుల్లో డాక్టర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి ఉంది. గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డని థియేటరు నుంచి ఐసీయూకి మార్చేటప్పుడు గొట్టాలు, తీగలు, మందులు, సమాచారం అన్నీ చేతులు మారతాయి. పొరపాట్లు అక్కడ జరుగుతున్నాయని ఆ డాక్టర్లు గమనించారు. ఒకరోజు ఆపరేషన్లు ముగించుకుని టీవీలో రేసు చూస్తుంటే, పిట్ స్టాపు చూసి వాళ్ళకి ఆలోచన వచ్చింది. ఫెరారీ జట్టుని కలిసి, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి మాట చెల్లాలి, ఏది ముందు ఏది వెనక అని నేర్చుకుని తమ పద్ధతి మార్చుకున్నారు. పొరపాట్లు తగ్గాయని 2007లో వైద్య పత్రికలో ప్రచురించారు.

ఇప్పటిదాకా ఊరివాళ్ళ కబుర్లు చెప్పాను. ఇప్పుడు నా సంగతి చెబుతాను. దీన్ని ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

పదేళ్ళ కిందట మలేషియాలోని సెపాంగ్ ట్రాకులో గంటల తరబడి సాగే ఒక ఎండ్యూరెన్స్ రేసుకి, ఒక చిన్న జట్టు తరఫున టైర్లు చూడటానికి వెళ్ళాను. అక్కడి ఎండ మన రోహిణి కార్తెకి తక్కువేం కాదు. ట్రాకు కుడివైపు తిరుగుతుంది కాబట్టి భారమంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. అలాంటి రేసుల్లో పెట్రోలుకి ఎలాగూ ఆగాలి. కానీ పెట్రోలు పోస్తుండగా టైర్లు ముట్టుకోకూడదన్నది ఆ రేసు నియమం. టైర్లు మార్చాలంటే అదనంగా ఆలస్యం. అందుకని ఒకే సెట్టుతో రెండు విడతలు నడిపితే ఆ సమయం కలిసొస్తుంది.

మొదటిసారి ఆగినప్పుడు ఊడదీసిన టైర్లు నా దగ్గరికొచ్చాయి. స్లిక్ మీద అక్కడక్కడ చిన్న గుంటలుంటాయి. వాటిలో గేజి పెట్టి ఎంత రబ్బరు మిగిలిందో కొలుస్తాం. ఎడమ వెనక టైరులో అయిదు గుంటలకి నాలుగు లెక్క ప్రకారమే ఉన్నాయి. లోపలి అంచున ఉన్నది మాత్రం అర మిల్లీమీటరు తక్కువ చూపించింది. మళ్ళీ కొలిచాను. ఈసారి తేడా కొంచెం తగ్గింది. వేడి టైరుకి ట్రాకు మీది రబ్బరు ముక్కలు అంటుకుంటాయి, వాటిని గీకి కొలవాలి. సరిగ్గా గీకలేదేమో, గేజి వంకరగా పెట్టానేమో అనుకున్నాను. అప్పటికి మేం మూడో స్థానంలో ఉన్నాం. ఆ జట్టు పుట్టాక అంత పైకి రావడం అదే మొదటిసారి. హెడ్‌సెట్‌లో చీఫ్ ఇంజనీరు అడిగాడు, రెండో విడత కూడా ఈ రకం టైర్లతో వెళ్ళొచ్చా అని. నేను ఆ అయిదో అంకె కొట్టేసి, మిగతా నాలుగింటి సగటు చూసుకుని "వెళ్ళొచ్చు" అన్నాను.

రెండో విడతలో పదకొండో ల్యాపులో, వేగంగా తిరిగే మలుపులో ఎడమ వెనక టైరు పగిలింది. కారు గోడకి కొట్టుకుంది. డ్రైవరుకి 22 ఏళ్ళు. మణికట్టు విరిగింది. రెండు నెలలు కట్టుతో ఉన్నాడు. మళ్ళీ రేసులకొచ్చాడు, బాగున్నాడు. కానీ ఆ పదకొండు ల్యాపులూ అతను నా మాట మీద నడిపాడు.

ఇలాంటిది పెద్దవాళ్ళకీ జరిగింది. 2005లో టైర్లు మార్చకుండా రేసంతా నడపాలని ఫార్ములా వన్‌లో ఒక నియమం ఉండేది. టైరు పాడైతేనే మార్చాలి. ఆ ఏడు నూర్బుర్గ్‌రింగ్‌లో కిమి రైకోనెన్ ముందు టైరు ఇందాక చెప్పినట్టు చదునైపోయింది. కారు దడదడలాడటం టీవీలో కూడా కనపడుతోంది. ఆగితే గెలుపు పోతుంది. ఆగలేదు. చివరి ల్యాపు మొదటి మలుపు దగ్గర ఆ అదురుకి సస్పెన్షనే విరిగిపోయింది. ఫెర్నాండో అలోన్సో గెలిచాడు. అక్కడ జట్టుకీ డ్రైవరుకీ ప్రమాదం తెలుసు, తెలిసే పందెం కాశారు. నా విషయంలో ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. నాకు వచ్చిన అనుమానం వాళ్ళకి చెప్పలేదు.

ఆ రాత్రి చీఫ్ ఇంజనీరుకి కాగితం చూపించాను. కొట్టేసిన అంకె వైపు చాలాసేపు చూసి, "ఇది అప్పుడే చెప్పి ఉంటే ఏం చేద్దామో ఇద్దరం ఆలోచించేవాళ్ళం" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాటి నుంచి ఆ జట్టులో ఒక పద్ధతి పెట్టాం. కొలతలు పెన్నుతో రాయాలి, ఏదీ కొట్టెయ్యకూడదు, తేడాగా వచ్చిన అంకెని అన్నిటికంటే ముందు హెడ్‌సెట్‌లో పైకి చదవాలి.

సెలవు పెట్టి ఇంటికొచ్చినప్పుడు నాన్నకి చెప్పాను. ఆయన మొదట అడిగింది, "ఆ కుర్రాడి చెయ్యి ఎలా ఉంది?" అని. తర్వాత కాసేపటికి, "చాక్‌పీసు నీ చేతిలోనే ఉంది కదరా" అన్నారు. అంతే. ఇప్పుడాయన లేరు.

ఇంకొక మాట మా భౌతికశాస్త్రం మాస్టారికి చెప్పుకోవాలి. ఆయన అదుగో, ముందు వరుసలోనే ఉన్నారు. మాస్టారూ, మీకు గుర్తుండదు. పదో తరగతిలో లోలకం ప్రయోగం. గురుత్వ త్వరణం 980 రావాలని మాకు ముందే తెలుసు. ఒక రీడింగు అడ్డం తిరిగింది. నేను రబ్బరుతో తుడిపేసి, కావలసిన అంకె వేశాను. మీరు రికార్డు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు. ఆ పేజీ మొత్తం మళ్ళీ రాయించారు. "తేడా వచ్చిన దాని చుట్టూ సున్నా చుట్టు, తుడిపెయ్యకు. అదే నీకు ఏదో చెబుతోంది" అన్నారు. నాకు అయిదు మార్కులు తగ్గాయని అప్పట్లో మీ మీద కోపం వచ్చింది. ఇరవై అయిదేళ్ళ తర్వాత సెపాంగ్‌లో మళ్ళీ అదే పని చేశాను. అప్పుడు తుడిపింది రబ్బరుతో, ఇప్పుడు తుడిపింది రబ్బరు కొలతనే. ఆ రోజు మీరు చెప్పింది నాకు ఎక్కలేదు మాస్టారూ. ఇప్పుడు ఎక్కింది. ఈ మాట మీ ఎదుట చెప్పడానికే కార్యదర్శి అడగ్గానే ఒప్పుకున్నాను.

పిల్లలూ, మన సంఘం వాళ్ళు ఈ ఏడు మీ ల్యాబుకి కొత్త బల్లలు, పరికరాలు ఇచ్చారు. అక్కడ లోలకాలు కూడా ఉన్నాయి, పొద్దున చూసొచ్చాను. మీకు 980 రాకపోతే రాకపోనివ్వండి. వచ్చింది రాయండి. చుట్టూ సున్నా చుట్టండి. మాస్టారిని పిలవండి. రేపు మీరు డాక్టరయినా, లైన్‌మన్ అయినా, బస్సు నడిపినా, "ఈ ఒక్క ట్రిప్పుకి పోనియ్" అనేవాళ్ళు వస్తారు. ఒక్కోసారి అలా అనేది మీ మనసే. అప్పుడు ఆగితే ఇరవై రెండు సెకన్లు పోతాయి. పోనివ్వండి.

కార్యదర్శి వాచీ చూసుకుంటున్నాడు. నేనూ ఆగాల్సిన టైమైంది.  సెలవు.